నీటికాసులు: తలనొప్పి యని తలఁపరాదు

మైపాడు మొదలుకొని కృష్ణపట్నము వఱకును గల నెల్లూరు తీరపు పల్లెలలోనేమి, పట్టణములలోనేమి, దీపములు పెట్టువేళ ఇంటి పెద్దామెకు హఠాత్తుగాఁ దలనొప్పియు వాంతులును వచ్చిన, పైత్యమని యెంచి నొసట శొంఠిపట్టు వేయుట వాడుక. కాని యామె కన్నొకటి యెఱ్ఱబడి, చూపు మసకబాఱి, దీపముచుట్టు రంగురంగుల వలయములు కనఁబడుచున్నచో నది పైత్యము కాదు. నీటికాసులలో మిగుల తొందరపెట్టు రకము. గంటల యాలస్యమే కన్నుఁ బోఁగొట్టవచ్చును.

కంటిలో నెల్లప్పుడును స్వచ్ఛమైన నీరూరుచుండును. అది రంగుతెర వెనుకఁ బుట్టి, పాపగుండ ముందునకు వచ్చి, తెర యంచుననున్న సన్నని తూముల ద్వారా వెలికిఁబోవును. వయసు ముదిరినకొలఁది కంటిలోని కటకము దళసరియగును. చిన్న కన్నులవారిలో నీరు పాపయొద్ద నడ్డగింపఁబడి, తెర ముందునకుబ్బి తూములను మూయును. మసక వెలుతురున పాప సగము విచ్చుకొన్నపు డీ యపాయ మధికము. సాధారణముగా 10 మొదలు 21 పాదరసపు మిల్లీమీటర్లుండు ఒత్తిడి 50 దాఁటి, చూపునరము నలిగిపోవును. పురుషులకంటె స్త్రీలకును, 40 ఏండ్లు దాఁటినవారికిని, దూరపుచూపునకు సైతము ప్లస్ అద్దములు పెట్టువారికిని, తల్లికో యక్కకో యీ వ్యాధి వచ్చినవారికిని భయ మెక్కువ.

1857లో జర్మనీ వైద్యుఁడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే రంగుతెరలోఁ గొంత కత్తిరించి దీనికిఁ జికిత్సఁ గనుఁగొనెను. నేఁడా పనిని కత్తి లేకయే లేజరు కిరణము చేయుచున్నది. మొదట చుక్కలు, మాత్రలు, నరమున కెక్కించు మందులతో ఒత్తిడి తగ్గింతురు. పిదప కంటికి మొద్దుబాఱు మందు వేసి, రోగిని యంత్రము ముందుఁ గూర్చుండఁబెట్టి, తెర యంచున మిల్లీమీటరుకంటెఁ జిన్న రంధ్రము చేయుదురు. నీటి కది క్రొత్తత్రోవ. కొలఁది నిమిషముల పని. సాధారణముగా నానాఁడే యింటికిఁ బోవచ్చును. రెండవ కంటికిని అపాయము పొంచియుండును గాన దానికిని ముందుగానే చేయుదురు. కొందఱికిఁ గటకమునే మార్పవలసివచ్చును. పోయిన చూపు మాత్రము తిరిగి రాదు.

1996–97లో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు హైదరాబాదున జరిపిన పరిశీలనలో ఈ జాతి నీటికాసులున్నవారిలో అధికులు తమ కది యున్నదనియే యెఱుఁగరని తేలినది. కావున నలువది దాఁటిన ప్రతి స్త్రీయు ఒకమాఱు కంటి ఒత్తిడిని, తూములను పరీక్షింపించుకొనవలెనని మా మనవి.

నొప్పి వచ్చినపుడు చనుబాలు, ఆముదము, ఆకుపసరు కంటఁ బోయకుఁడు. వంటపని ముగియనిమ్మని, తెల్లవాఱనిమ్మని తాళకుఁడు. ఆ రాత్రియే నెల్లూరునకుఁ బోయి కంటివైద్యునిఁ జూడుఁడు. ఇంటిల్లిపాదికిని దీపము పెట్టు చేతికిఁ దన కంటి వెలుఁగును గాపాడుకొనుటయు గృహధర్మమే.