కంచే చేను మేస్తే... సోరియాసిస్ ఎందుకొస్తుంది?

మాదన్నపేట కూరగాయల మండీలో వంకాయల కుప్ప ముందు కూర్చున్న ఒక ఇల్లాలిని ఊహించుకోండి. ఆమె రెండు మోచేతుల మీదా రూపాయి బిళ్ళలంత ఎర్రటి మచ్చలు, వాటిపైన వెండిరేకుల్లాంటి పొలుసులు. చిల్లర తీసుకునేవాళ్ళు ఆమె చెయ్యి తగలకుండా తీసుకుంటారు. ఇంట్లో తోడికోడలు ఆమె దువ్వెన, తువ్వాలు వేరుగా పెట్టిస్తుంది. "రక్తం చెడింది" అంటారొకరు. "వంకాయ మానెయ్యి" అంటారు మరొకరు. "నీ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి లేదు, టానిక్కు తాగు" అంటారు ఇంకొకరు. తాను అమ్మే వంకాయను తానే తినడం మానేసినా మచ్చలు మాత్రం తగ్గవు.

ఇలాంటి మనిషి మీ వీధిలో వుండవచ్చు. మీ ఇంట్లోనే వుండవచ్చు. అందుకే ముందుగా మూడు మాటలు గుర్తుంచుకోండి. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. రక్తం చెడిపోయి వచ్చేది కాదు. రోగనిరోధక శక్తి తగ్గి వచ్చేదీ కాదు. ఆ శక్తి దారితప్పి అవసరం లేనిచోట విజృంభించడం వల్ల వచ్చేది. ఈ మూడో మాట అర్థమైతే ఏ మందు ఎందుకు వాడాలో, దేనికి దూరంగా వుండాలో సగం తెలిసినట్టే.

చర్మంలో జరిగేదేమిటి?

మన చర్మం నిత్యం కొత్తదవుతూనే వుంటుంది. అడుగు పొరలో పుట్టిన కణం మెల్లగా పైకి వచ్చి, ఎండి, కంటికి కనిపించకుండా రాలిపోతుంది. ఈ ప్రయాణానికి మామూలుగా నాలుగు వారాలు పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఇదంతా నాలుగైదు రోజుల్లోనే ముగిసిపోతుంది. పక్వానికి రాని కణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుపోయి పొలుసులవుతాయి. కింద రక్తనాళాలు ఉబ్బడం వల్ల మచ్చ ఎర్రగా కనిపిస్తుంది. మోచేతులు, మోకాళ్ళు, నడుము, తల ఈ మచ్చలకు ఇష్టమైన చోట్లు.

మరి చర్మానికి ఇంత తొందర ఎందుకు? ఎవరో తొందరపెడుతున్నారు గనుక. వాళ్ళు మన ఒంటి కాపలాదారులే. బయటినుంచి సూక్ష్మజీవులు వస్తే పసిగట్టి పోరాడేందుకు రక్తంలో తెల్లకణాలు వున్నాయి. వాటిలో టి-కణాలు ఒక రకం. సోరియాసిస్ వున్నవారిలో ఈ కణాలు శత్రువు లేకపోయినా వున్నట్టు భ్రమపడి చర్మంలోకి దండెత్తి వస్తాయి. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17 అనే రసాయనాల ద్వారా ఒకదాన్నొకటి పురికొల్పుకుంటాయి. ఆ రసాయనాల తాకిడికి చర్మకణాలు గాయం మానుతున్నప్పటిలా హడావుడిగా పెరుగుతాయి. పెరిగిన చర్మకణాలు తిరిగి మరిన్ని తెల్లకణాలను పిలుస్తాయి. కంచే చేను మేసినట్టన్నమాట!

ఈ సంగతి తెలిసిన తీరు కూడా చిత్రమైనదే. చాలాకాలం వైద్యులు దీన్ని కేవలం చర్మకణాల దోషమనే అనుకున్నారు. మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా వాడే సైక్లోస్పోరిన్ అనే మందును కీళ్ళవాపు రోగులకు ఇచ్చి చూస్తే, వారిలో కొందరి సోరియాసిస్ కూడా తగ్గిపోయినట్టు 1979లో వెల్లడైంది. అది రోగనిరోధక శక్తిని అణిచే మందు. దాన్ని అణిస్తే మచ్చ తగ్గిందంటే, మచ్చను పుట్టించేది ఆ శక్తేనని తేలింది.

ఎవరికి వస్తుంది?

వంశంలో వుంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అలాగని తల్లికి వుంటే బిడ్డకు వచ్చితీరుతుందని కాదు. చాలామంది బిడ్డలకు రాదు. కాబట్టి ఈ మచ్చల పేరు చెప్పి పెళ్ళి సంబంధాలు వదులుకోవడం అన్యాయం.

లోపల వున్న గుణాన్ని పైకి రేపేవి కొన్ని వున్నాయి. పిల్లల్లో, యువకుల్లో గొంతువాపు వచ్చిన రెండు మూడు వారాలకు ఒళ్ళంతా చినుకుల్లాంటి మచ్చలు లేవవచ్చు. మానసిక ఆందోళన, పొగతాగడం, మద్యం, స్థూలకాయం దీనికి ఆజ్యం పోస్తాయి. లిథియం, క్లోరోక్విన్, రక్తపోటుకిచ్చే కొన్ని మాత్రలు కూడా దీన్ని రేపవచ్చు. మీరు అలాంటివి వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు మానకండి. గీరుకున్నచోట, దెబ్బ తగిలినచోట, ఒరుసుకున్నచోట కొత్త మచ్చ పుడుతుంది. గోనెసంచుల మీద మోచేతులు ఆనించి పనిచేసే మన ఇల్లాలికి అక్కడే మచ్చలు మొండికెయ్యడంలో వింత లేదు. వంకాయకూ ఈ జబ్బుకూ మాత్రం సంబంధం లేదు.

మూడు ప్రమాదకరమైన పొరపాట్లు

మొదటిది, "ఇమ్యూనిటీ పెంచుతాం" అనే పొడులు, టానిక్కులు. ఇప్పటికే అదుపు తప్పినదాన్ని పెంచాలనుకోవడమేమిటి? వాటివల్ల సోరియాసిస్ నయమవుతుందనుకుని అసలు వైద్యం ఆపితే నష్టపోయేది మీరే.

రెండోది, స్టీరాయిడ్లు. పై పూతగా డాక్టరు చెప్పినచోట, చెప్పినన్నాళ్ళు వాడితే ఇవి మంచి మందులే. దుకాణంలో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది. ఇలాంటి 14 రకాల పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వం 2018లో ఆదేశించింది. కడుపులోకి పుచ్చుకునే స్టీరాయిడ్లు మరింత ప్రమాదం. పేరు చెప్పని పొడులు, మాత్రలు మింగగానే మచ్చలు మాయమైతే మురిసిపోకండి. వాటిలో స్టీరాయిడు కలిసి వుండవచ్చు. అది ఆపగానే ఒళ్ళంతా ఎర్రబారి, చీముపొక్కులు లేచి ప్రాణంమీదికి రావచ్చు.

మూడోది, మెథోట్రెక్సేట్ మాత్ర. జబ్బు ముదిరినప్పుడు డాక్టర్లు ఇచ్చే చవకైన, మేలైన మందు ఇది. కాని సోరియాసిస్‌కు దీన్ని వారానికి ఒక్కరోజే పుచ్చుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాల ఉత్పత్తి ఆగి, మనిషి చనిపోవచ్చు. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద అక్షరాలా రాయించుకోండి. ఇంట్లో చదువు రాని పెద్దలు వుంటే ఆ మాత్రలు మీ దగ్గరే వుంచుకోండి. గర్భవతులు, గర్భం కోరుకునే దంపతులు డాక్టరుతో ముందే మాట్లాడాలి. మద్యం తాకరాదు. రక్తపరీక్షలు, కాలేయ పరీక్షలు వేళకు చేయించాలి.

వైద్యం వుందా?

పూర్తిగా వేళ్ళతో పెకలించే మందు లేదు. అదుపులో పెట్టే మందులు చాలా వున్నాయి. మచ్చలు కొద్దిగా వుంటే పూతమందులు చాలు. ఎక్కువైతే ఆసుపత్రిలో అతినీలలోహిత కాంతి చికిత్స ఇస్తారు, లేదా మాత్రలిస్తారు. వాటికీ లొంగనివారికి పైన చెప్పిన రసాయనాలలో ఒక్కదాన్నే గురిచూసి ఆపే ఇంజక్షన్లు వచ్చాయి. మనదేశంలోనే తయారైన ఇటోలిజుమాబ్ అనే ఇంజక్షనుకు 2013లో అనుమతి లభించింది. అది టి-కణాల మీద పనిచేస్తుంది. ఇవన్నీ ఖరీదైనవి. కాపలా కొంత తగ్గుతుంది గనుక ఒంట్లో క్షయ దాగివుందేమో ముందు పరీక్షించి మరీ ఇస్తారు.

కీళ్ళు వాచినా, ఉదయం లేవగానే వేళ్ళు బిగుసుకున్నా, గోళ్ళమీద సూదితో పొడిచినట్టు గుంటలు పడినా తప్పక చెప్పండి. ఈ దండయాత్ర కీళ్ళకూ పాకుతుంది. ఆలస్యమైతే వేళ్ళు వంకరపోతాయి.

మచ్చను చూసి తామర అనో, కుష్ఠు అనో మీరే తీర్పు చెప్పుకోకండి. ఉస్మానియా వంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం వుంది, ఒకసారి చూపించండి. ఇంట్లో మాత్రం స్నానం కాగానే తడి ఆరకముందే కొబ్బరినూనె గాని, వాజలీను గాని రాయండి. పొలుసులను గోటితో పీకకండి. మెత్తని నూలుబట్టలు వేసుకోండి.

చివరగా, మందులషాపులో దొరకని మందు ఒకటి వుంది. ఆ మనిషి కంచం, దువ్వెన, పక్క వేరుచేయకండి. ముట్టుకుంటే అంటదు. రేపు మండీకి వెళ్ళినప్పుడు ఆ చేతిలోని చిల్లరను మామూలుగా అందుకోండి. ఆందోళన తగ్గితే మచ్చ తగ్గడానికీ అది తోడ్పడుతుంది.