తపాలా ముద్రలో ఒక ప్రధాన సంఖ్య

ఒకటికంటె పెద్దదై, ఒకటితోను తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 1963లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ గిలీస్ ‘ఇలియాక్-2’ కంప్యూటరు సాయంతో 2¹¹²¹³−1 అట్టి సంఖ్యేనని నిరూపించారు. అందులో 3,376 అంకెలున్నాయి. అప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యలలో అదే అతి పెద్దది. అక్కడి గణితశాఖ ఆ సత్యాన్ని తన ఉత్తరాలపై తపాలా ముద్రగా వేయించింది.

ఈ మహాసంఖ్యను పూర్తిగా వ్రాయకుండానే దాని చివరి అంకెను చెప్పవచ్చు. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అనే క్రమంలో ఆవృత్తమవుతాయి. 11213ను నాలుగుచే భాగింపగా శేషం ఒకటి. కనుక 2¹¹²¹³ చివర 2 ఉంటుంది. అందులో ఒకటి తీసివేస్తే 1 మిగులుతుంది. ద్విసంఖ్యామానంలో ఇది 11,213 ఒకట్ల వరుస. దీనిని 2¹¹²¹²చే గుణిస్తే 6, 28 వంటి పరిపూర్ణ సంఖ్య లభిస్తుంది. అనగా తనను మినహాయించిన భాజకాల మొత్తం తనకే సమానమైన సంఖ్య.

‘అతి పెద్దది’ అనే బిరుదు 1971లోనే పోయింది. 2024లో శాన్ హోసే వాసి లూక్ డ్యూరంట్ కనుగొన్న 2¹³⁶²⁷⁹⁸⁴¹−1లో 4,10,24,320 అంకెలున్నాయి. రేపు ఇంకొకటి దానినీ మించవచ్చు. అయినా ఆ పాత ఉత్తరాలపై ముద్రించిన వాక్యం నేటికీ సత్యమే. బిరుదు కాలానికి లోబడినది, నిరూపణ లోబడనిది.