పిల్లల వేషము – పెద్దల కెమెరా

నెల్లూరునకు తూర్పుదిక్కున, పెన్నానది సముద్రమును చేరు సీమలో ఇందుకూరుపేట యున్నది. చుట్టును వరిమళ్లు, వానిని దాటిన రొయ్యల గుంటలు, ఆపైన మైపాడు సముద్రతీరము. ఈ ప్రాంతపు పాత యిండ్లలో అడుగిడిన అతిథికి నడవగోడమీద ఒక ఫోటో తరచుగ కనబడును. రెండేండ్ల బిడ్డ, పట్టుపావడ, మెడలో గొలుసు, బుగ్గన కాటుకచుక్క, వెనుక నిలువుటద్దములో పూలజడ. “ఈ పాప యెవరు?” అని అతిథి యడుగును. ఇంటివారు నవ్వి, అరుగుమీద కూర్చున్న మీసాల పెద్దమనిషిని చూపుదురు. పుట్టువెండ్రుకలు తీయించుటకు ముందు మగపిల్లవానికి జడవేసి ఫోటో తీయించుట తెలుగునాట పెక్కిండ్లలో నున్న ముచ్చట.

ఆ ఫోటో తీయించునపుడు బిడ్డను ఎవరును అడుగలేదు. అయినను దానివలన కీడు కలిగినట్లు తోచదు. ఏలన, దానిని చూచి నవ్వినవారందరును ఆ బిడ్డను ఎత్తి పెంచినవారు, లేదా పెంచినవారి యెదుట కూర్చున్నవారు. ఆ నవ్వునకు ఒక గడప యుండెను. నేడు అట్టి చిత్రమే సెల్‌ఫోనులో తీయబడి, సాయంకాలమునకు ఊరు దాటి, మరునాటికి దేశము దాటిపోవుచున్నది. గడప దాటిన నవ్వు ముద్దుగానే యుండునో, వెక్కిరింతగా మారునో పంపినవారికిని తెలియదు. పిల్లల వేషమును, పెద్దల కెమెరాను గూర్చి ఆలోచింపవలసిన పని ఇచ్చటనే మొదలగుచున్నది.

వేషము తెలుగువారికి క్రొత్త కాదు. కూచిపూడి భాగవతుల యింట పుట్టిన ప్రతి మగపిల్లవాడును జీవితమున ఒక్కసారియైనను సత్యభామ వేషము కట్టవలెనని సిద్ధేంద్రయోగి నియమించెనని పెద్దలు చెప్పుదురు. ఆ సంప్రదాయమున పుట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు భామావేషమునకు పెట్టినది పేరు. 1970లో వారికి పద్మశ్రీ లభించినది. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు 1920లో చంద్రమతి పాత్రతో స్త్రీవేషము నారంభించి, పిమ్మట సత్యభామగా ఆంధ్రదేశము నలరించి, 1956లో పద్మశ్రీ పొందిరి. అక్కినేని నాగేశ్వరరావుగారు సినిమాలకు రాకపూర్వము, చిన్ననాడే, నాటకములందు స్త్రీపాత్రలు ధరించిరి. స్త్రీలు రంగస్థల మెక్కుటను సంఘము ఒప్పుకొనని దినములవి. ఆ కొరత నుండి ఒక కళ పుట్టినది.

ఆ నటులకు గురువుండెను, సాధన యుండెను. చూచువారికి అది వేషమని తెలియును. తెల్లవారుసరికి రంగు కడుగుకొని నటుడు తన యింటికి పోయెడివాడు. అంతమాత్రమున ఆ కాలమంతయు మంచిదనరాదు. ఆడవేషము కట్టు పిల్లవానిని పగటిపూట వీధిలో ఎగతాళి చేయువారు ఆనాడును లేకపోలేదు. కాని ఆ మాట ఆ నోటితోనే పోయెడిది. పదేండ్ల తరువాత దానిని మరల వినిపించు యంత్రము లేదు.

పొరుగుననున్న తిరుపతిలో ఏటేట వేసవిలో జరుగు గంగమ్మ జాతరలో పురుషులు, పిల్లలు చీరకట్టి, పూలు ముడిచి మ్రొక్కు చెల్లింతురు. అచ్చట చీర హాస్యమునకు కాదు, భక్తికి గుర్తు. అందొక పిల్లవానిని చిత్రించి, క్రింద ఒక కొంటెమాట చేర్చి నలుగురికి పంపినచో మ్రొక్కు కాస్తయు నవ్వులాట యగును. చీర మారలేదు, పిల్లవాడు మారలేదు. చూపించినవాని ఉద్దేశమే మారినది.

ఆడపిల్లకు తగినది, మగపిల్లవానికి తగినది అను కొలతలును నిలుకడగల్గినవి కావు. పెన్నయొడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీమహాత్ముడు సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. ఆ గ్రామము నేడు ఇందుకూరుపేట మండలములోనిది. ఆ యాశ్రమమునకు అండగా నిలిచిన పొణకా కనకమ్మగారు 1923లో నెల్లూరులో బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. ఆడపిల్ల పుస్తకములు పట్టి వీధిలో నడచుటయే తప్పని పలువురు తలంచిన కాలమది. నేడు అదే వీధిలో ఆడపిల్ల సైకిలెక్కి బడికి పోవుచుండగా తలతిప్పి చూచువారు లేరు. సంఘపు చూపు ఇంత మారునది కదా! ఒకనాటి చూపుతో పిల్లలకు వేసిన ముద్ర మాత్రము చెరుగక నిలుచుట న్యాయము కాదు.

పిల్లల కార్యక్రమములకు తెలుగున మంచి పునాదియే పడినది. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారును, రేడియో అక్కయ్య కామేశ్వరిగారును మదరాసు ఆకాశవాణిలో పిల్లలచేత పాడించిరి, ఆడించిరి. 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును నెలకొల్పిరి. రేడియోలో వినవచ్చినది గొంతు మాత్రమే; మొగము తల్లిదండ్రుల కడనే యుండెను. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరముపాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ పాఠములు అందినవి. ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందులో నుండెను. అప్పుడు పల్లెపిల్లలు టెలివిజన్‌ను చూచువారు; టెలివిజన్‌లో చూడబడువారు కారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వచ్చినది. 1996లో ‘పాడుతా తీయగా’ ఆరంభమైనది. నెల్లూరున పెరిగిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 2020లో కన్నుమూయువరకు పిల్లల పాటలలోని తప్పును వారి మనస్సు నొవ్వకుండ దిద్దుచు వచ్చిరి. తప్పును చెప్పుటకు పిల్లవానిని నవ్వులపాలు చేయనక్కరలేదని ఆ కార్యక్రమము చూపినది.

తరువాత వచ్చిన పోటీలన్నియు ఆ మర్యాదను పాటింపలేదు. 2008లో కలకత్తాలో టెలివిజన్ నృత్యపోటీలో న్యాయనిర్ణేతల మందలింపునకు గురియైన ఒక బాలిక పిదప తీవ్రముగ జబ్బుపడగా దేశమంతట చర్చ రేగినది. సినిమాలలో పెద్దలు చేసిన శృంగారనృత్యములను పిల్లలచేత చేయించి చూపవద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ ఛానళ్లను హెచ్చరింపవలసి వచ్చినది. ఆడపిల్లను వయస్సుకు మించిన ఆడదిగా చూపుట, మగపిల్లవానికి చీరకట్టి నవ్వించుట – ఈ రెండును ఒకే కోవలోనివి. రెండింటను పిల్లల ఆడతనము, మగతనము పెద్దల వినోదమునకు సరకగుచున్నవి.

చట్టము కొంత దారి చూపినది. బాలకార్మిక చట్టమునకు 1986నాటి రూపును 2016లో సవరించి, 2017లో నియమములను చేర్చిరి. వాని ప్రకారము బాలనటునిచే రోజునకు 5 గంటలకు మించి, విరామము లేక 3 గంటలకు మించి పనిచేయింపరాదు. 27 దినములకు మించి వరుసగా పని యుండరాదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావలెను. సంపాదనలో కనీసము 20 శాతము పిల్లవాని పేర బ్యాంకులో నిలువ చేయవలెను. అన్నిటికంటె ముఖ్యము, పిల్లవాని యిష్టమునకు విరుద్ధముగ నటింపజేయరాదు. కాని ఈ నియమములు ప్రధానముగ వృత్తిగా సాగు చిత్రీకరణమునకై వ్రాసినవి. బడి వార్షికోత్సవమున లేచిన నూరు సెల్‌ఫోనులను ఏ మేజిస్ట్రేటును చూడడు.

ఏడవ తరగతి పిల్లవాడొకడు వార్షికోత్సవములో సత్యభామను చక్కగా అభినయించె ననుకొందము. ఊరు చప్పట్లు కొట్టినది. ఎవరో ఒకరు అరనిమిషపు తునకను వాట్సాప్‌లో పంపిరి. అందు కథ లేదు, సాధన లేదు. జడ విసరుట మాత్రమే యున్నది. మరునాడు బస్సుస్టాండులో అతనికొక మారుపేరు పుట్టినది. పిల్లవాడు మరల రంగస్థల మెక్కడు. కొన్నాళ్లకు బడికి రాడు. పంపినవారు ఆ సంగతి యెన్నడో మరచియుందురు.

ఇంకొక పిల్లవాడు కలడు. అతనికది ఆ రాత్రి వేషము కాదు. నడకలోను, మాటలోను సహజముగ నున్నదే. అట్లే జుట్టు కత్తిరించుకొని క్రికెట్టు ఆడుటయే ప్రాణమైన ఆడపిల్ల. వీరిలో ఎవరు పెద్దయిన పిమ్మట ఏమగుదురో కెమెరా చెప్పలేదు. ఉపాధ్యాయుడును తేల్చి చెప్పవలసిన పనిలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను గూర్చి తీర్పు చెప్పుచు, తానెవరో తెలుపుకొను హక్కు ఆ వ్యక్తిదేయని పలికినది. ఆ యేడాదియే బ్రిటన్‌లో బి.బి.సి. పిల్లల ఛానలు, ఆడపిల్లగా పుట్టి మగపిల్లవానిగా జీవించుచున్న 13 ఏండ్ల బాలుని కథను అతని నోటనే చెప్పించినది. తనను గూర్చి తాను చెప్పుకొనుట వేరు, ఇతరులు పట్టి చూపుట వేరు. అట్టి మంచి ప్రయత్నమునందును ఒక సందేహము మిగులును: 13 ఏండ్లనాడు చెప్పిన మాటను 30 ఏండ్లనాడు దాచుకొనదలచినచో ఎట్లు? మన దేశమున ఇట్టి పిల్లలను బడిలో ఎట్లు ఆదరింపవలెనో తెలుపుచు 2021లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఒక శిక్షణ గ్రంథమును ప్రకటించి, ఆక్షేపణలు రాగా వెనువెంటనే ఉపసంహరించినది. పుస్తకము వెనుకకు పోయినను పిల్లలు తరగతిలోనే యున్నారు.

కెమెరాను బడినుండి వెడలగొట్టుట పరిష్కారము కాదు. గల్ఫ్ దేశములలో కూలిపని చేయు తండ్రి తన కూతురి నాట్యమును ఆ సెల్‌ఫోనులోనే చూచి కన్నీరు తుడుచుకొనును. మారుమూల పల్లెపిల్లవాని గొంతు పట్టణము చేరుటయు దానివలననే. కావలసినది అడుగు అలవాటు. చిత్రము తీయకముందు పిల్లవానిని నలుగురిలో కాక ఒంటరిగా అడుగవలెను; ఎవరెవరు చూచెదరో చెప్పవలెను. ‘వద్దు’ అన్నచో కారణ మడుగరాదు. తల్లిదండ్రుల సంతకము పిల్లవాని సమ్మతికి తోడగును గాని బదులు కాదు. వేషములు మార్చుకొను గదిలో కెమెరాకు చోటు లేదు. ఏడాది గడచిన పిదప వచ్చి ‘తీసివేయుడు’ అన్నను తీసివేయవలెను. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన, భారతదేశము 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక తమ విషయమున తమ మాట చెప్పు హక్కును, ఏకాంతమునకు రక్షణను పిల్లలకు స్పష్టముగ ఇచ్చినది. ఆ హక్కు పిల్లలకు మొదట తెలియవలసినది తమ ఉపాధ్యాయుని నడవడివలననే.

ఇందుకూరుపేట అరుగుమీది పెద్దమనిషికి ఆ ఫోటో కిట్టనిచో ఏనాడో గోడనుండి దింపి పెట్టెలో పడవేసి యుండెడివాడు. ఆయన దింపలేదు, మనుమరాండ్రను పిలిచి తానే చూపి నవ్వుచుండును. అది ఆయన నవ్వు గనుక ఎవరికిని నొప్పి లేదు. నేటి పిల్లవాడును పెద్దవాడై తన వేషమును చూచి నవ్వుకొనవచ్చును, గర్వింపవచ్చును, దింపివేయవచ్చును. ఆ నిర్ణయమును అతనికొరకు మిగిల్చి యుంచుట నేడు కెమెరా పట్టిన పెద్దల పని.