పాత మోటారుల బిడారు



ఫాల్గుణమాసమున కదిరి నరసింహస్వామివారి తేరునకు ఎడ్లబండ్లు బారులు తీరి పోయెడి దినములు మీలో అనేకులకు జ్ఞాపకముండును. ఒంటిబండి రాత్రివేళ త్రోవ పట్టుటకు సంకోచించెడిది. పది బండ్లు కూడినచో వెఱపు లేదు. ఒక బండి ఇరుసు విఱిగినచో తక్కినవారందఱును దిగి భుజము పట్టెడివారు. ఒక యెద్దు కుంటినచో బారంతయు ఆ కుంటియెద్దు నడకనే నడిచెడిది. నేడు నేను చెప్పబోవునది ఎడ్లబండ్ల మాట కాదు. ఏబదియేండ్లకు పైబడిన వయసుగల మోటారుబండ్లు బారు కట్టి దేశము తిరుగు వేడుకను గూర్చి చెప్పెదను. బండి మాఱినది గాని ధర్మము మాఱలేదు.

ఇది కలవారి విలాసము గదా, మాకేల యని మీరడుగవచ్చును. ఈ ప్రశ్ననే తనకల్లు దగ్గఱ ఒక పెద్దాయన నన్నడిగెను. తనకల్లు పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అచ్చట నేను తడబడి చెప్పిన సమాధానమును, పిమ్మట ఆలోచించి తెలిసికొనిన సమాధానమును మీకు విన్నవించుటకే ఈ ప్రసంగము.

మొదట ఈ వేడుక పుట్టుపూర్వోత్తరములు. జర్మనీదేశీయుడైన కార్ల్ బెంజ్ 1886లో ఇంజనుతో నడచు మూడుచక్రముల బండికి పేటెంటు పొందెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా తన యిరువురు కుమారులతో నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము ఆ బండిపై పయనించెను. ఇంధనమును ఆమె మందుల అంగడిలో కొనవలసివచ్చెను. గొట్టము పూడుకొనగా టోపీసూదితో పొడిచి తెఱచెను. బ్రేకు అఱిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించెను. ఇంజను చల్లబఱచుటకు త్రోవపొడవునను నీరు వెదకి పోయవలసివచ్చెను. చూడుడు, మోటారు చేసిన తొలి దూరప్రయాణమే దారిలోని ఊళ్లవారి సాయమున జరిగినది.

ఇంగ్లండులో 1896 వఱకు ఇట్టి బండ్లు బాటపై గంటకు నాలుగు మైళ్లకును, ఊళ్లలో రెండు మైళ్లకును మించి పోరాదని చట్టముండెను. ఆ యేట ఆ మితిని పదునాలుగు మైళ్లకు పెంచిరి. ఆ సంతోషమున నవంబరు 14వ తేదీన పలువురు లండను నుండి బ్రైటన్ పట్టణమునకు బండ్లు నడిపిరి. దాని జ్ఞాపకార్థము 1927 మొదలుకొని, యుద్ధకాలము వంటి కొన్ని యేండ్లు తప్ప, ఏటేట అదే త్రోవను పాతబండ్ల యాత్ర సాగుచున్నది. 1905కు ముందు పుట్టిన బండ్లకే అందు ప్రవేశము. మనదేశమున స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లో ఢిల్లీయందు పాతకార్ల ర్యాలీ మొదలిడిరి. హైదరాబాదు చౌమహల్లా మహలులో నిజాము ప్రభువుల రోల్స్‌రాయిస్ కారు నేటికిని చూపఱకు ఉంచబడియున్నది. అయితే నిలిపి చూపుట ఒకటి, నడిపి చూపుట వేఱొకటి. యాత్రికులు కోరునది రెండవది.

పాతబండి స్వభావము తెలిసిననే గాని దానిని గుంపుగా ఏల నడుపుదురో తెలియదు. ఈ కాలపు కారునకు తాళపుచెవి త్రిప్పినను, మీట నొక్కినను చాలును. పాతబండికి ముందు హ్యాండిలు దూర్చి చేతితో త్రిప్పవలెను. నిప్పురవ్వ ముందుగా పుట్టవలెనా, ఆలస్యముగా పుట్టవలెనా యనునది స్టీరింగు క్రింది చిన్న మీటతో మనమే నిర్ణయింపవలెను. ఆ మీట తప్పుగా నున్నప్పుడు హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విఱుగవచ్చును. ఫోర్డు కంపెనీవారి టీ నమూనా బండి 1908 మొదలు 1927 వఱకు కోటి యేబది లక్షలకు పైగా తయారైనది. దానిలో పెట్రోలు పల్లమునకు నీరు పాఱినట్లు తనంతట తానే ఇంజనులోనికి దిగవలెను. కావున నిటారైన మెట్ట నెక్కునప్పుడు తొట్టిలో పెట్రోలు తక్కువైనచో బండి ఆగిపోవును. అప్పుడు బండిని వెనుకకు త్రిప్పి, వెనుకనడకతో మెట్ట నెక్కించెడివారు. దాని చక్రములకు చాలవఱకు కఱ్ఱ ఆకులే. నేటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల వఱకు ఇథనాలు కలుపుచున్నారు. అది పాత రబ్బరుగొట్టములకు పడదు. ఇన్ని బలహీనతలుగల బండి ఒంటరిగా పోరాదు.

అందుచేత యాత్రికులు కొన్ని కట్టుబాట్లు పెట్టుకొనిరి. అన్నిటికంటె నెమ్మదియైన బండి ముందుండవలెను, వేగము దానిదే. దారి చీలినచోట ప్రతిబండియు తన వెనుకబండి కంటబడువఱకు ఆగవలెను. అట్లయిన ఎవడును త్రోవ తప్పడు. చిట్టచివర మేస్త్రీ, పనిముట్లు, విడిభాగములు గల బండి రావలెను. ముందుపోయినవాడు గొప్పవాడను మాట ఇందు లేదు. అందఱును చేరిననే చేరినట్లు.

ఇక మా యాత్ర సంగతి. ఒక మిత్రుడు తన 1930 నాటి ఫోర్డు ఏ నమూనా బండిలో నాకు చోటిచ్చెను. బెంగళూరున ఏడు బండ్లు కూడినవి. కఱ్ఱచక్రముల ఫోర్డు టీ ఒకటి. యుద్ధకాలపు జీపు ఒకటి. ఫియెట్టు, అంబాసడరు మొదలగునవి తక్కినవి. చింతామణి, మదనపల్లె, ములకలచెఱువు మీదుగా కదిరి చేరి, అటనుండి తిమ్మమ్మ మఱ్ఱిమాను చూడవలెనని మా సంకల్పము. మార్చినెల మొదటివారము. ములకలచెఱువు దాటినది మొదలు వెనుకనుండి వేడిగాలి తోలుచుండెను. ఎదురుగాలి బండిని అడ్డగించినను ఇంజనును చల్లబఱచును. వెనుకగాలి సాయపడినట్లే కనబడి, రేడియేటరునకు గాలి యందనీయదు. తనకల్లునకు కొంచెము ఇవతల, ఒక చిన్నపల్లె ముందఱ, మా బండి ఉడుకెత్తి బుసలు కొట్టి నిలిచెను.

నా మిత్రుడు గుడ్డ చేతబట్టి రేడియేటరు మూత తీయబోయెను. చింతచెట్టు క్రింద కూర్చున్న పెద్దాయన యొకడు కేకవేసెను: «ఆగప్పా! మూత తీయొద్దు, మొగం కాలుతుంది. ఇంజను సల్లారనీ.» మేమాగితిమి. ఆయన దగ్గఱకు వచ్చి చెవి యొగ్గి విని, అరగంట తాళుడనియు, పిమ్మటనైనను చన్నీరు ఒక్కపెట్టున పోసినచో ఇనుము పగులుననియు చెప్పెను. మోటారు నడపినవాడా యని యడుగగా, కాదనెను. ముప్పదియేండ్లు తన బావిమీద ఆయిలు ఇంజను నడిపెనట. ఆ శాస్త్రము ఈ శాస్త్రమొక్కటియే గదా!

ఇంతలో ఎదురింటి యిల్లాలు రెండు బిందెలతో నీరు తెచ్చి యిచ్చెను. మేము వందనములు చెప్పి, ఇంజను చల్లారినపిమ్మట ఒక బిందెలోని నీరు పోసితిమి. రెండవదానిలోనిది తక్కిన బండ్లకు పంచితిమి. ఖాళీబిందెలు తిరిగి యిచ్చుటకు నేను గడప దగ్గఱకు పోయితిని. వరుసగా పేర్చిన బిందెలు, డబ్బాలు కనబడినవి. వానిలో చాలవఱకు వట్టివే. ఊరి బోరు ఎండినదట. ట్యాంకరు దినము విడిచి దినము వచ్చునట. నాకు తల యెత్తుటకు సిగ్గయ్యెను.

లెక్క చూతము. పల్లెలయందు మనిషి యొక్కనికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని జలజీవన్ మిషన్ ప్రమాణము. మేము పుచ్చుకొనిన రెండు బిందెలు సుమారు ముప్పది లీటర్లు. అనగా ఒక మనిషి సగము దినమునకు మించి వాడుకొనవలసిన నీటిని మా వేడుకబండి త్రాగినది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల మాత్రమే వాన కురియు సీమలో మేము చేసిన పని యిది. పూర్వము బస్సులు ప్రక్కన నీళ్లడబ్బా వ్రేలాడదీసికొని తిరిగెడివి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కఱవై బొగ్గుగ్యాసుతో బస్సులు నడచినప్పుడు, క్లీనరు పని సగము నీళ్లు మోయుటయే యని మీ తండ్రులు చెప్పియుందురు. ఆనాటి బండిని నడుపుచు ఆనాటి డబ్బాను మఱచితిమి.

ఆ సాయంకాలమే మఱియొక చిక్కు వచ్చెను. ఫోర్డు టీ వెనుకచక్రము కిఱ్ఱుమనసాగెను. పెద్దాయన చేతితో కదిపిచూచి, ఎండకు కఱ్ఱ కుంచించుకొనిపోయి ఆకులు వదులైనవనెను. బండిచక్రమైనచో చెఱువులో దింపి నానబెట్టెడివారమనియు, చెఱువున నీరు లేదు గావున తడిగోనెలు చుట్టి రాత్రియంతయు ఉంచుడనియు చెప్పెను. మఱల నీరే! ఈసారి ఊరివారినడుగ మనసొప్పలేదు. చివరిబండి మేస్త్రీ కదిరికి పోయి ఇరువది లీటర్ల డబ్బాలు అయిదు నింపి తెచ్చెను. ఒకటి చక్రమునకు వాడి, మూడు ఆ యిల్లాలి యింట దింపబోయితిమి. ఆమె ఒప్పుకొనలేదు. «అడిగినోళ్లకు నీళ్లు పోసి కూలి తీసుకుంటామా అన్నా?» అనెను. ఎంతో బతిమాలినమీదట, తమకు వద్దు గాని పశువుల తొట్టిలో పోయుడనెను. అట్లే చేసితిమి.

ఆ రాత్రి అచ్చటనే మకాము చేసితిమి. పెద్దాయన నన్నడిగెను: «ఈ బండ్లతో ఎవరికేం లాభమప్పా?» చూచుటకు అందమనియు, పూర్వుల పనితనమనియు ఏమేమో చెప్పితిని. ఆయన తల యూపెనే గాని తృప్తిపడలేదు. కొంతసేపటికి తన ఇంజను కొట్టములో పడియున్నదనియు, బావి యెండి పదునైదేండ్లయినదనియు, తూకమునకు కొనువాడు రెండుమార్లు వచ్చెననియు చెప్పెను.

మా మేస్త్రీ ఆ మాట విని లాంతరు పుచ్చుకొని కొట్టములోనికి పోయెను. ఇంజను బిగిసిపోయియుండెను. లోపల కిరసనాయిలు పోసి తెల్లవాఱువఱకు విడిచిరి. ఉదయమున ఇద్దఱు పట్టి చక్రమును కదిలించిరి. గొట్టములు కడిగి, క్రొత్త ఆయిలు పోసి, హ్యాండిలు వేసి పలుమాఱులు త్రిప్పగా, ఇంజను నల్లపొగ కక్కి మ్రోగెను. పల్లెలోని పిల్లలందఱును పరుగెత్తి వచ్చిరి. బావిలో ఎత్తుటకు నీరు లేదు; బెల్టు తగిలింపలేదు; ఇంజను మాత్రము తిరిగెను. పెద్దాయన చాలసేపు చెవి యొగ్గి విని, «గవర్నరు కొంచెం సరిచేయాల» అనెను. అంతకుమించి ఏమియు అనలేదు. ఇంజనును తూకమునకు అమ్మననియు చెప్పలేదు, అమ్ముదుననియు చెప్పలేదు.

ఆయన ప్రశ్నకు సమాధానము నాకప్పుడు తోచెను. పెనుకొండ దగ్గఱ ఎఱ్ఱమంచిలో 2019 నుండి కియావారి కర్మాగారమున క్రొత్తకార్లు తయారగుచున్నవి. అవి సుఖమైనవి, పాతవానికంటె క్షేమమైనవి. కాని వాని రోగము యంత్రమునకే యంత్రము చెప్పవలెను. పాతబండి రోగము చెవికి వినబడును, చేతికి తగులును. దానిని నడుపుచున్నంతకాలము లేతుపని, మాటువేయు పని, చక్రపుపని తెలిసినవారికి కూడు దొరకును. వారి విద్య మఱియొక తరమునకు చేరును. ఆ విద్య పట్టణమున మాత్రమే లేదు. చింతచెట్టు క్రిందను ఉన్నది. పాతబండ్ల యాత్ర దానిని వెదకి పలుకరించినచో సార్థకము. ఊరివారి బిందెలు ఖాళీచేసి, ఫోటోలు దిగి పోయినచో నిరర్థకము.

కావున పెద్దలకు కొన్ని మనవులు. మీ కొట్టములలో పాత జీపో, మోటారుసైకిలో ఉన్నయెడల తూకమునకు అమ్ముటకు ముందు తెలిసినవారికి చూపుడు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, ఏబదియేండ్లు దాటి, అసలురూపము చెడక, వ్యాపారమునకు వాడబడని బండ్లను పాతకాలపు వాహనములుగ నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్తగా నమోదునకు ఇరువదివేల రూపాయలు, పదియేండ్ల పిమ్మట మఱల అయిదువేలు రుసుముగా ఆ నియమములు నిర్ణయించినవి. అట్టి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతునకు నడుపవచ్చును గాని నిత్యవ్యవహారమునకు నడుపరాదు.

ఇట్టి బిడారు మీ యూరికి వచ్చినపుడు పిల్లలను హ్యాండిలు దగ్గఱకు పోనీయకుడు. ఉడికిన రేడియేటరు మూత ముట్టనీయకుడు. నీరడిగినచో మొదట మనుష్యులకు, పిమ్మట పశువులకు, మిగిలిననే బండికి అని నిర్భయముగా చెప్పుడు. దాహమని వచ్చినవానికి లేదనుట మీ వాడుక కాదని నేనెఱుగుదును. కావుననే ఈ మాట యాత్రికులకు గట్టిగా చెప్పుచున్నాను: ఎండసీమకు వచ్చువాడు తన బండి నీరు తానే తెచ్చుకొనవలెను.

మఱునాడు మేము కదిరి త్రోవ పట్టితిమి. కఱ్ఱచక్రము బిగిసి, కిఱ్ఱుమనుట మానెను. ఫోర్డు టీ ముందు నడచెను; తక్కిన ఆఱు బండ్లు దాని నడకనే నడచినవి.

సెలవు.