గోన వారి వంశక్రమం

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. ఆ పరిశ్రమ నుండి 2015లో వెలువడిన ‘రుద్రమదేవి’ చిత్రం గోన గన్నారెడ్డిని ఇంటింటికీ పరిచయం చేసింది. అందులో ఆయన గజదొంగ. అంతకు చాలాకాలం పూర్వమే అడివి బాపిరాజు ఆయనను నవలానాయకునిగా తీర్చిదిద్దారు. శాసనాలలో కనిపించే గన్నారెడ్డి మాత్రం కాకతీయుల సామంతుడు, వర్ధమానపురాన్ని ఏలినవాడు. అదే నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నందివడ్డెమాను.

గోన వంశక్రమం గ్రంథాల వలన కొంత, శిలల వలన కొంత తెలుస్తున్నది. గోన బుద్ధారెడ్డి తండ్రి విఠలుని ఆనతిపై, ఆయన పేరిట రంగనాథ రామాయణాన్ని ద్విపదలో రచించాడు. ఉత్తరకాండను ఆయన కుమారులు కాచవిభుడు, విఠలరాజు పూర్తిచేశారు. తాత పేరు మనుమనికి పెట్టే ఆచారం ఇక్కడ స్పష్టం. చదువరికి ముచ్చటగొలిపే ఈ ఆచారమే చరిత్రకారునికి చిక్కు తెచ్చిపెడుతుంది. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనంలో గన్నారెడ్డితోపాటు విఠలనాథుడనే పేరు ఉన్నది. ఆతడు కవియైన విఠలరాజేనా, అదే పేరుగల మరొక బంధువా అన్నది పేరును బట్టి మాత్రమే తేల్చరాదు. గన్నారెడ్డిని బుద్ధారెడ్డి కుమారునిగా చెప్పడం పరిపాటి. కాని ఉత్తరకాండ కర్తలుగా వినిపించేవి కాచ, విఠలుల పేర్లే. కావ్యరచనలో పాలుపంచుకోని సోదరుని పేరు అక్కడ లేకపోవడం వింత కాదు.

రాజవంశంతో బంధుత్వం ఆనాడు రెండు విధాల ఏర్పడేది. గణపతిదేవుడు జాయపసేనాని సోదరీమణులైన నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. తన కుమార్తె గణపాంబను కోట బేతరాజునకు ఇచ్చాడు. అవి వియ్యపు బంధాలు. గోన వారిది కొలువు బంధం. ఓరుగల్లు సింహాసనానికి వారు కత్తి పట్టి సేవచేశారు. వారి వియ్యమైనా తమవంటి మరొక సామంత కుటుంబమైన మల్యాల వారితోనే కుదిరింది.

ఆ వియ్యానికి సాక్ష్యం కుప్పాంబిక. ఆమె బుద్ధారెడ్డి కూతురు, మల్యాల గుండనాథుని భార్య. వంశవృక్షాలలో ఆడపడుచుల పేర్లు సాధారణంగా రాలిపోతాయి. కుప్పాంబిక పేరు మాత్రం పాలమూరు ప్రాంతంలోని బూదపురంలో 1276 నాటి శాసనంపై నిలిచింది. తొలి తెలుగు కవయిత్రిగా కూడా ఆమెను పలువురు పరిగణిస్తారు. గోన, మల్యాల కుటుంబాలను కలిపి చదవడానికి నేడు ఆధారమైనది ఆ రాతిపలకయే. వెండితెర మీద కథ నడిపిన వీరుని వెనుక ఉన్న ఈ సోదరికి ఇంకా చిత్రకథలో తగిన చోటు దొరకవలసి ఉన్నది.