వరికి నీరు ప్రాణం... పత్తికి, మిరపకు గండం: ఎందుకిలా?

మడిలో నెలల తరబడి నీరు నిలిచినా వరి పచ్చగా ఎదుగుతుంది. గట్టు అవతల మిరప, పత్తి, కంది చేలల్లో రెండు మూడు రోజులు నీరు నిలిస్తే చాలు, మొక్కలు తలలు వేలాడేస్తాయి. కిటుకంతా మొక్క లోపలి ఖాళీల్లో ఉంది.

కణాల మధ్య సందులు

ఏ మొక్కయినా కణాలతో కట్టిన గోడ లాంటిది. అయితే ఈ గోడలో సందులుంటాయి. వీటినే కణాంతరావకాశాలు అంటారు. ఆకు రంధ్రాల గుండా వచ్చిన గాలి ఈ సందుల్లోంచే లోపలి కణాలకు అందుతుంది. వేరుకు మాత్రం గాలి ఎక్కువగా మట్టి రేణువుల మధ్య నుంచి దొరుకుతుంది. నీరు నిలిస్తే ఆ దారి మూసుకుపోతుంది. గాలిలో కంటే నీటిలో ప్రాణవాయువు సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది మరి.

వరి చేసుకున్న ఏర్పాటు

తామర తూడును అడ్డంగా కోస్తే గొట్టాల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి. గుర్రపుడెక్క కాడ విరిస్తే స్పాంజిలా ఉంటుంది. వరిలోనూ ఇలాంటి గాలి గదులే ఆకు తొడిమ నుంచి వేరు దాకా ఉన్నాయి. నీరు నిలిచినప్పుడు వేరులో ఇథిలీన్ వాయువు (కాయలను మగ్గబెట్టేది ఇదే) బయటకు పోలేక పేరుకుంటుంది. దాని ప్రభావంతో వేరు లోపలి కొన్ని కణాలు చనిపోయి, ఆ గదులు ఇంకా పెద్దవవుతాయి. వేరు పైపొర బిగువుగా ఉండి గాలిని దారిలో కారిపోనివ్వదు.

మొక్కజొన్నలోనూ నీరు నిలిచాక కొన్ని గాలి గదులు ఏర్పడతాయి. కానీ అందుకు రోజులు పడుతుంది, వరికున్న బిగువైన పైపొరా దానికి లేదు. పత్తి, మిరప, కందికి వరిలాంటి ఏర్పాటు లేదు. గాలి అందని వేరు నీటిని పీల్చలేదు. అందుకే నీటిలో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. వాడింది కదా అని మళ్లీ తడి పెడితే ఉన్న ప్రాణం కాస్తా పోతుంది.

వరి వేరును చూడండి

వరి పసుపుబారితే యూరియా బస్తా విప్పే ముందు ఒక దుబ్బు పీకి చూడాలి. వేళ్లకు ఇటుక రంగు పూత ఉండి కొనలు తెల్లగా ఉంటే వేరుకు గాలి అందుతున్నట్లే. వేరు నుంచి కారే ప్రాణవాయువు మట్టిలోని ఇనుముతో కలిసి ఆ పూత ఏర్పడుతుంది. వేళ్లు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే సల్ఫైడ్ దెబ్బ. అప్పుడు యూరియా వేసినా డబ్బు దండగే. నీరు తీసేసి, సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరగట్టి, తర్వాత కొత్త నీరు పెట్టాలి. పొట్ట, పూత దశల్లో మాత్రం ఎండగట్టరాదు.

వరి పూర్తిగా మునిగితే దానికీ గాలి అందదు. వరద తీసేటప్పుడు ముందుగా ఆకు కొనలైనా పైకి తేలేలా చూడాలి. లోతట్టు పొలాలకు స్వర్ణ-సబ్1 రకం అనువైనది. 2009లో విడుదలైన ఈ రకం సుమారు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది.

మెట్ట పైర్లలో ఏం చేయాలి?

- విత్తే ముందే వాలుకు మురుగు కాలువ తీసుకోవాలి. నల్లరేగడిలో మిరప, కందిని బోదెలపై వేస్తే మంచిది.
- వాన తెరిపివ్వగానే నిలిచిన నీటిని బయటకు పంపాలి. మందులూ ఎరువులూ ఆ తర్వాతే.
- వేరు కోలుకునే దాకా ఆకు ద్వారా పోషకం ఇవ్వాలి. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా లేదా 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి పిచికారీ చేయాలి.
- పదును రాగానే అంతరకృషి చేస్తే మట్టి గుల్లబారి వేరుకు గాలి ఆడుతుంది.
- పత్తిలో మొక్కలు వడలుతుంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిచేలా పోయాలి.

మందుకు పెట్టే ఖర్చు కంటే వాన రాకముందు పారతో తీసిన కాలువే చవక. వేరుకు గాలి ఆడితేనే రైతుకు పంట దక్కుతుంది.