బీరువాలో పెట్టే డిస్కు ఏది?

బ్యాకప్ కోసం డ్రైవ్ కొనడానికి షాపుకి వెళ్ళినవాళ్ళు సాధారణంగా అడిగేవి రెండే: ఎన్ని టీబీలు, ఎంత స్పీడు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేవీ అవే. రోజూ పని చేసుకునే డ్రైవుకైతే ఆ ప్రశ్నలు సరిపోతాయి. బ్యాకప్ డ్రైవ్ బతుకు వేరు. వారానికో నెలకో ఒకసారి కంప్యూటరుకి తగిలించుకుంటాం, నాలుగు ఫైళ్ళు ఎక్కించుకుంటాం, మళ్ళీ బీరువాలో పడేస్తాం. ఒక్కోసారి ఏడాది గడిచినా దాని మొహం చూడం. అయినా తీసిన రోజున పెళ్ళి ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, తాతగారి గొంతు రికార్డు చేసిన ఆడియో ఫైలు, అన్నీ అందులో చెక్కుచెదరకుండా ఉండాలి. అందుకని ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: కరెంటు అందకుండా పక్కన పడి ఉంటే లోపలి సమాచారం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ జవాబు అట్టపెట్టె మీద దొరకదు. డ్రైవ్ లోపలికి వెళ్ళి వెతుక్కోవాలి.

షాపులో దొరికేవి రెండు జాతులు: తిరిగే పళ్ళేలున్న హార్డ్ డిస్కు, కదిలే భాగమేదీ లేని ఎస్‌ఎస్‌డీ.

హార్డ్ డిస్కు పాతది. అమెరికాలోని శాన్ హోసేలో ఐబీఎం ఇంజినీర్లు తయారుచేసిన మొదటి హార్డ్ డిస్కు 1956లో బయటికొచ్చింది. రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు 50, మొత్తం బరువు టన్ను పైన. అందులో పట్టింది నాలుగు ఎంబీల కన్నా తక్కువ. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటోకి అది బొటాబొటీగా చాలుతుంది. పరిమాణం మారింది కానీ సూత్రం మారలేదు. గాజుతోనో అల్యూమినియంతోనో చేసిన పళ్ళెం మీద కోబాల్టు మిశ్రలోహపు పలచని పూత ఉంటుంది. ఆ పూతలో కొన్ని నానోమీటర్ల సైజు రేణువులు ఉంటాయి. కొన్ని రేణువుల గుంపుని ఒక దిశలో అయస్కాంతీకరిస్తే ఒకటి, వ్యతిరేక దిశలో అయితే సున్నా అనుకోండి. అసలు లెక్క కాస్త మెలికగా ఉంటుంది కానీ సారం అదే. ఆ పూత మీద, తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో, చదివే తల తేలుతూ ఉంటుంది. అంత చిన్న అయస్కాంతాల్ని చదవడానికి దారి చూపిన భౌతిక ధర్మాన్ని 1988లో ఆల్బర్ట్ ఫెర్, పీటర్ గ్రున్‌బర్గ్ విడివిడిగా కనిపెట్టారు. 2007లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మనకి ముఖ్యమైన సంగతి ఆ రేణువుల స్వభావం. ఒకసారి ఒక దిశకి తిరిగాక అలా ఉండటానికి వాటికి కరెంటు అక్కర్లేదు. రేణువు మరీ చిన్నదైపోతే గదిలోని వేడికే దిశ మారిపోయే ప్రమాదం ఉంది. ఆ హద్దు దాటకుండా తయారీదార్లు పదార్థాన్నీ రేణువు సైజునీ లెక్కగట్టి ఎంచుకుంటారు. కాబట్టి హార్డ్ డిస్కుని ఏడాదిపాటు బీరువాలో ఉంచి తీస్తే, ముందు అనుమానించాల్సింది అయస్కాంతాన్ని కాదు, యంత్రాన్ని. మోటారు తిరుగుతుందా, తల కదులుతుందా అన్నదే అసలు భయం.

ఆ యంత్రం విషయంలో ఒక జాగ్రత్త చాలు. పోర్టబుల్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. ఆగి ఉన్నప్పుడు తల పళ్ళెం మీద నుంచి పక్కకి జరిగి తన స్థానంలో కూర్చుంటుంది. అప్పుడు చిన్న దెబ్బ తగిలినా తట్టుకుంటుంది. తిరుగుతూ ఉండగా బల్ల మీద నుంచి జారిందా, తల పళ్ళేన్ని గీకేస్తుంది. ఇంట్లో పిల్లలుంటే డిస్కుని కేబుల్‌తో బల్ల అంచున వేలాడనివ్వకండి.

ఇక ఎస్‌ఎస్‌డీ. దాని లోపలున్న ఫ్లాష్ మెమరీ తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో రూపొందించినది. ఇందులో అయస్కాంతం ఉండదు. విద్యుత్తుని పోనివ్వని పలచని పొర వెనుక ఎలక్ట్రాన్లని నిర్బంధిస్తారు. ఒక గదిలో ఎంత ఛార్జ్ ఉందో కొలిచి, దాన్నిబట్టి సమాచారం చదువుతారు. మొదట్లో గదికి ఒక్క బిట్టే: ఛార్జ్ ఉందా, లేదా? ధర తగ్గించడం కోసం ఇప్పుడు ఒకే గదిలో మూడు, నాలుగు బిట్లు కుక్కుతున్నారు. నాలుగు బిట్లంటే 16 మట్టాల ఛార్జిని ఒకదాన్నుంచి ఒకటి వేరుగా గుర్తుపట్టాలి. మట్టానికీ మట్టానికీ మధ్య ఎడం బాగా సన్నబడిపోతుంది. ఎలక్ట్రాన్లేమో ఆ పొరలోంచి మెల్లగా జారుకుంటూ ఉంటాయి. వేడి పెరిగితే మరింత తొందరగా జారుకుంటాయి. రాసి చెరిపి, రాసి చెరిపి పొర అరిగితే ఇంకా తొందర.

జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ఇళ్ళలో వాడే ఎస్‌ఎస్‌డీలకి పెట్టిన నియమం ఒకటుంది. రాతల ఆయుష్షు పూర్తిగా ఖర్చయిపోయిన డ్రైవ్ కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది సమాచారాన్ని నిలబెట్టుకోవాలి. ఇది అరిగిపోయిన డ్రైవుకి పెట్టిన కనీస హద్దు మాత్రమే. కొత్త డ్రైవ్ అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. 'ఎస్‌ఎస్‌డీ ఏడాదికి ఖాళీ అయిపోతుంది' అని భయపెట్టేవాళ్ళు ఈ నియమాన్ని సగమే చదివారు. అయితే 30 డిగ్రీలన్న మాట మాత్రం గుర్తుపెట్టుకోవాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో, మేడ మీద గదిలోని బీరువా ఆ హద్దులో ఉండదు.

అందుకే నా ఓటు: రోజూ సంచిలో తిప్పేదానికి ఎస్‌ఎస్‌డీ, బీరువాలో పెట్టేదానికి మామూలు హార్డ్ డిస్కు. అదే డబ్బుకి హార్డ్ డిస్కులో చోటు కూడా ఎక్కువ వస్తుంది. ఎస్‌ఎస్‌డీయే కావాలనుకుంటే కొనండి, కానీ రెండు మూడు నెలలకొకసారి కంప్యూటరుకి తగిలించి కాసేపు ఉంచండి. పెన్‌డ్రైవుని మాత్రం బ్యాకప్ అనకండి. అందులో వాడే ఫ్లాష్ చాలాసార్లు చవక రకం, అదీగాక డ్రైవే ఎక్కడో పోతుంది.

హార్డ్ డిస్కుల్లో మళ్ళీ ఒక తిరకాసుంది. రాసే తల కన్నా చదివే తల సన్నది. కాబట్టి పక్కపక్క వరుసల్ని కొంచెం ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి రాసినా, బయటికి కనబడే అంచు చదవడానికి సరిపోతుంది. ఇల్లు కప్పే పెంకుల్లాగన్నమాట. చోటు కలిసొస్తుంది, కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదికి ఎక్కిన పెంకులన్నీ కదపాలి. పాత ఫైలుని సవరించినప్పుడల్లా డ్రైవ్ ఒక వరుసల గుంపునంతా తిరగరాయాల్సి వస్తుంది, అందుకే ఉన్నట్టుండి నత్తనడక నడుస్తుంది. దీన్ని ఎస్‌ఎంఆర్ పద్ధతి అంటారు. 2020లో వెస్ట్రన్ డిజిటల్ తన రెడ్ రకం డ్రైవుల్లో కొన్ని ఈ పద్ధతివేనని కొనేవాళ్ళకి స్పష్టంగా చెప్పలేదని గొడవ జరిగింది. రాత్రింబవళ్ళు రాస్తూ ఉండే యంత్రాల్లో అది నిజంగా ఇబ్బందే. బీరువా డిస్కుకి అంత పట్టింపు లేదు. మనం వరసగా రాసి పక్కన పెట్టేస్తాం. మొదటి బ్యాకప్‌కి ఒక రాత్రి వదిలేయండి, చాలు.

సైజు సంగతి. కంప్యూటరులో ఇప్పుడున్న సమాచారానికి రెండింతలు ఉంటే సుఖం. ఎందుకంటే మంచి బ్యాకప్ నిన్నటి ఫైలునే కాదు, పోయిన నెల ఫైలుని కూడా దాచాలి. ఫొటోలు అంత చోటు తినవు, తినేది వీడియోలు. 4కే వీడియో నిమిషానికి వందల ఎంబీలు మింగుతుంది. 1 టీబీ అని కొన్న డిస్కుని విండోస్ 931 జీబీ అని చూపిస్తే షాపువాడితో పోట్లాడకండి. తయారీదార్లు లెక్కపెట్టేది వెయ్యిలో, విండోస్ లెక్కపెట్టేది 1024లో. బైట్లు అన్నీ ఉన్నాయి.

అరచేతిలో పట్టే రెండున్నర అంగుళాల డిస్కుకి కంప్యూటరు నుంచి వచ్చే కరెంటే సరిపోతుంది. పెద్దవి, అంటే మూడున్నర అంగుళాలవి, విడిగా అడాప్టర్ అడుగుతాయి. కరెంటు పోయి వచ్చే ఊళ్ళో యూపీఎస్ లేకుండా అది తలనొప్పి. చిన్నదే కొనుక్కోండి. తగిలించేటప్పుడు యూఎస్‌బీ 3 పోర్టు చూసుకోండి, చాలా కంప్యూటర్లలో దాని లోపల నీలం రంగు ఉంటుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు, మూడోది 900. కరెంటు చాలకపోతే డిస్కు టిక్కు టిక్కుమంటుంది, మనం అది పాడైపోయిందని కంగారుపడతాం. వేగంలోనూ తేడా ఉంది: ఒక టీబీ పాత పోర్టులో ఎక్కించడానికి ఎనిమిది గంటల దాకా పడితే, కొత్త పోర్టులో అదే డిస్కుకి రెండు మూడు గంటలు చాలు. టైప్-సి అన్నది ప్లగ్గు ఆకారమే, వేగం కాదు. టైప్-సి ఉండి యూఎస్‌బీ 2 వేగంతో నడిచే కేబుళ్ళు బజారు నిండా ఉన్నాయి.

ఏ కంపెనీది కొనాలన్నది అందరూ అడిగే మాట. ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారుచేసేవి ఇప్పుడు మూడే: సీగేట్, వెస్ట్రన్ డిజిటల్, తోషిబా. పెట్టె మీద వేరే పేరున్నా లోపలిది ఈ ముగ్గురిలో ఒకరిదే. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ కంపెనీ ఏవి ఎన్ని పాడయ్యాయో 2013 నుంచి లెక్కలు బయటపెడుతోంది. మొత్తం మీద ఏడాదికి వందలో ఒకటో రెండో పోతున్నాయి. కంపెనీల మధ్య తేడా కన్నా మోడళ్ళ మధ్య తేడా ఎక్కువ. మనం కొనబోయే మోడల్ సంగతి తేలేసరికి అది బజారులో ఉండదు. కాబట్టి బ్రాండు మీద గంటలు ఖర్చుపెట్టడం దండగ. వారంటీని చూసి కూడా మురిసిపోకండి. డిస్కు పోతే డిస్కిస్తారు, ఫొటోలివ్వరు.

పోనీ, పోయే ముందు డిస్కు ఏదైనా సూచన ఇస్తుందా? తన ఆరోగ్యాన్ని తనే నమోదు చేసుకునే స్మార్ట్ అనే ఏర్పాటు ప్రతి డిస్కులోనూ ఉంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాముతో చూడొచ్చు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల్ని గమనించి 2007లో ప్రచురించిన ఫలితం మాత్రం అంత ధైర్యమివ్వదు. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, స్మార్ట్‌లోని నాలుగు ముఖ్యమైన సంకేతాల్లో ఒక్కటి కూడా చూపించకుండానే పోయాయి. హెచ్చరిక వస్తే మంచిదే. రాలేదని నిశ్చింతగా ఉండకూడదు.

ఇక్కడే లెక్కలు మనకి సాయం చేస్తాయి. ఒక డిస్కు ఏడాదిలో పోయే అవకాశం నూటికి రెండు అనుకుందాం. రెండు డిస్కులూ అదే ఏడాదిలో పోయే అవకాశం పదివేలకు నాలుగు. ఎంత మంచి కంపెనీదైనా ఒక్క డిస్కుతో ఇంత భద్రత రాదు. ఒక పెద్ద ఖరీదైన డ్రైవ్ బదులు రెండు మామూలు డ్రైవులు కొనమనడానికి కారణం ఇదే. కానీ ఆ గుణింతానికి ఒక షరతుంది: రెండింటి చావులకీ సంబంధం ఉండకూడదు. ఒకే సొరుగులో రెండూ పెడితే దొంగ రెండూ పట్టుకుపోతాడు. ఒకే కంప్యూటరుకి ఎప్పుడూ తగిలించి ఉంచితే పిడుగు రెండింటినీ కాలుస్తుంది. వరద వస్తే చెప్పనే అక్కర్లేదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట అని అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఈ షరతునే చెబుతుంది. ఇంటి బయట అంటే మనకి కష్టమేమీ కాదు. పండక్కి వెళ్ళినప్పుడు అక్కగారింట్లో ఒక డిస్కు వదిలి, అక్కడున్న పాతది తెచ్చుకుంటే సరి. పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళైతే ఒక డిస్కుని వాళ్ళ సూట్‌కేసులో పంపొచ్చు.

క్లౌడ్ ఉందిగా అంటారా? ఉండనివ్వండి, ఇంటి బయటి ప్రతికి అదీ ఒక దారే. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ వీడియోలకి ఏ మూలకీ చాలదు. పైగా ఫోనూ క్లౌడూ జతగా నడిచేటప్పుడు ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. అది సింక్, బ్యాకప్ కాదు.

పని అవగానే డిస్కుని విప్పి తీసెయ్యమనడానికి మరో కారణం వైరస్. 2017 మేలో వనాక్రై అనే ప్రోగ్రాము 150 దేశాల దాకా పాకింది. కంప్యూటర్లలోని ఫైళ్ళకి తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అలాంటివి తగిలించి ఉన్న బయటి డ్రైవునీ వదలవు. బీరువాలో ఉన్నదాన్ని ముట్టుకోలేవు.

కొనేటప్పుడు ఇంకో మోసం. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేల రూపాయలకి 16 టీబీ ఎస్‌ఎస్‌డీ కనబడితే దాని జోలికి పోకండి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటరుకి 16 టీబీ అని అబద్ధం చెప్పే ఏర్పాటు చేస్తారు. అసలు చోటు నిండాక కొత్త ఫైళ్ళు పాతవాటి మీదే పడతాయి, పేర్లు మాత్రం కనబడుతూనే ఉంటాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాము డ్రైవుని నిండా రాసి, తిరిగి చదివి నిజం తేలుస్తుంది. డిస్కు ఏదైనా సరే, కొత్తగా తెచ్చిన రోజు ఒకసారి నడపండి.

విండోసూ మ్యాకూ రెండూ ఉన్న ఇల్లైతే, ఫైళ్ళు అటూ ఇటూ తిప్పే డిస్కుని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. విండోస్‌కి మాత్రమే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. పాత ఫ్యాట్32లో 4 జీబీ దాటిన వీడియో ఎక్కనే ఎక్కదు. కాపీ చేసే పనిని చేత్తో పెట్టుకోకండి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్ కంప్యూటరుతో పాటే వస్తాయి. డిస్కు ఇంకొకరి ఇంట్లో ఉంటుంది కాబట్టి తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, వేయడం మంచిదే. ఆ పాస్‌వర్డ్ పోతే ఎవరూ ఏమీ చేయలేరు. కాగితం మీద రాసి, నగలు పెట్టే చోట పెట్టండి.

చివరిగా పిక్సార్ సంగతి ఒకటి చెప్పాలి. 1998లో 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా ఎవరో ఇచ్చిన ఒక తప్పు కమాండ్‌తో సినిమా ఫైళ్ళు చాలా భాగం చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందిగా అనుకున్నారు. తీరా చూస్తే అది కొన్నాళ్ళుగా సరిగ్గా పనిచేయడం లేదు, ఎవరూ పరీక్షించలేదు. పసిబిడ్డ ఉండటం వల్ల ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి ఉండబట్టి గట్టెక్కారు. అంత పెద్ద స్టూడియోకే అదృష్టం కలిసి రావాల్సి వచ్చింది. ఆర్నెల్లకొకసారి మీ బ్యాకప్ డిస్కుని వేరే కంప్యూటరుకి తగిలించి, అందులోంచి ఒక పాత ఫొటో, ఒక వీడియో, ఒక డాక్యుమెంటు తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అసలు ఫైళ్ళు ఇంకా మీ కంప్యూటరులో ఉండగానే కొత్త డిస్కు కొనండి.